గుండు నుంచి గుండు దాకా: ఒక హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కేసు, పదమూడు నెలల వివరం

పేషెంటు వయసు 32. తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇరవై నాలుగో ఏట నుదుటి మూలలు వెనక్కి పోవడం మొదలైంది. మా దగ్గరికి వచ్చేనాటికి మగవాళ్ల బట్టతల ఎంతవరకు వచ్చిందో చెప్పే నార్‌వుడ్ కొలమానంలో మూడో గ్రేడు, దానికి తోడు నడినెత్తి మీద సుడి చుట్టూ జుట్టు పలచబడింది. తండ్రికీ మేనమామకూ బట్టతల. సుగర్, బీపీ లేవు, సిగరెట్ అలవాటు లేదు. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలేవీ ఇక్కడ ఇవ్వడం లేదు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సెలవులు ఏప్రిల్ చివర్లో ఇస్తారు, జూన్ మొదట్లో కాలేజీ తెరుస్తారు. ఆ నలభై రోజులు సరిపోవా సార్?"

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఆ ప్రశ్నే. గాయాలు మానడానికి నలభై రోజులు కావలసినదానికంటే ఎక్కువ. కానీ చూడటానికి మామూలుగా ఉండాలంటే, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే రోజులన్నిటిలో నలభయ్యో రోజే బాగా ఇబ్బంది పెట్టేది. ఈ ఆపరేషన్ తర్వాత తల ఒక్కసారి కాదు, రెండుసార్లు మామూలవుతుంది. పక్కులు ఊడి, మొలక నిలిచి, మూడో వారానికి మొదటిసారి బాగా కనిపిస్తుంది. తర్వాత నాటిన జుట్టు రాలిపోతుంది. మళ్లీ మొలిచి, పెరిగి, తొమ్మిదో నెల దాటాక రెండోసారి మామూలవుతుంది. సెలవు పెట్టేవాళ్లంతా మొదటిదాన్ని లెక్కపెట్టుకుని పెడతారు. భయపడి ఫోన్ చేసేది ఆ రెండింటి మధ్య కాలంలో.

పద్ధతి, పరిమితి

ఈ కేసులో పద్ధతిని నిర్ణయించింది జుట్టు కాదు, మొక్కు. ఈ కుటుంబంలో మగవాళ్లు రెండు మూడేళ్లకోసారి తిరుమలలో తలనీలాలు ఇస్తారు. వెనక తల నుంచి చర్మాన్ని పట్టీలా కోసి తీసే ఎఫ్‌యూటీ పద్ధతిలో చెవి నుంచి చెవి దాకా ఒక గీతలాంటి మచ్చ మిగులుతుంది. జుట్టు రెండు సెంటీమీటర్లు ఉంటే అది కనబడదు, గుండు చేయించుకున్న రోజున మాత్రం దాన్ని దాచలేం. అందుకే కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈ ఎంచుకున్నాం. దానికీ మచ్చలు ఉండవని చెప్పడం అబద్ధం. తీసిన ప్రతిచోటా చిన్న తెల్ల చుక్క మిగులుతుంది, చామనఛాయ చర్మం మీద ఇంకాస్త తెలుస్తుంది. కాబట్టి పంచ్, అంటే కుదురును గుండ్రంగా కోసి తీసే గొట్టంలాంటి పరికరం, సన్నంగా ఉండాలి, తీసే చోట్లు విరివిగా చెదిరి ఉండాలి. మేం వాడింది 0.85 మి.మీ. పంచ్. వెనక తలలో చదరపు సెంటీమీటరుకు 72 కుదుళ్లున్నాయి. సుమారు 140 చదరపు సెంటీమీటర్ల మేర నుంచి 1,850 తీశాం. అంటే చదరపు సెంటీమీటరుకు పదమూడు, ఉన్నదాంట్లో ఐదో వంతు కన్నా తక్కువ.

ఆ 1,850నీ నుదుటి గీత వెనక 48 చదరపు సెంటీమీటర్లలోనే నాటాం. నడినెత్తిని ముట్టుకోలేదు. పేషెంటు ఒప్పుకోవడానికి ఎక్కువ సమయం పట్టింది ఈ విషయానికే. సుడి దగ్గర ఎన్ని కుదుళ్లు నాటినా చాలినట్టు అనిపించదు. పైగా 32 ఏళ్ల వయసులో చుట్టూ ఉన్న సొంత జుట్టు ఇంకా పలచబడితే మధ్యలో నాటినది ద్వీపంలా మిగిలిపోతుంది. దాన్ని మందులకు వదిలేశాం. రాలడం తగ్గించే ఫినాస్టరైడ్ మాత్ర రోజుకు 1 మి.గ్రా., తలకు రాసే మినాక్సిడిల్ 5 శాతం అప్పటికే తొమ్మిది నెలలుగా వాడుతున్నారు, రాలడం నిలకడకు వచ్చింది. రాలుతున్న జుట్టు నిలవకముందే నాటడం మాకు సమ్మతం కాదు.

ఆయన వృత్తిని బట్టి మందు గురించి మరో మాట చెప్పాం. కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే లెక్చరర్లే ముందు నిలబడతారు. ఫినాస్టరైడ్ వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత ఇంకో నెలా రక్తం ఇవ్వకూడదు. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులోని మగబిడ్డకు హాని జరిగే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ ఏప్రిల్ ఆఖరి వారంలో జరిగింది. వారం ముందు మినాక్సిడిల్ ఆపించాం. వాపు తగ్గించడానికి, నాటే చోట ఎక్కించే ద్రవంలో ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ 40 మి.గ్రా. కలిపాం. తీసిన కుదుళ్లు, అంటే గ్రాఫ్టులు, నాటేదాకా సెలైన్ లాంటి చల్లటి రింగర్ లాక్టేట్ ద్రవంలో ఉన్నాయి. ముందు వరసల్లో 420 ఒంటి వెంట్రుక కుదుళ్లు, వాటి వెనక రెండు మూడు వెంట్రుకలున్నవి నాటాం. అన్నీ కలిపి సుమారు 3,850 వెంట్రుకలు. మొత్తం ఏడున్నర గంటలు పట్టింది. ఈ పని ఎవరు చేయాలో 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టంగా చెప్పింది: శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న డాక్టరే చేయాలి, వర్క్‌షాపులకు వెళ్లో వీడియోలు చూసో నేర్చుకున్న పని చాలదు. ధర తక్కువని వెళ్లేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న అదే.

మొదటి పది రోజులు

కొత్తగా నాటిన కుదురు ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందన్నదాని మీదే మొదటి పది రోజుల జాగ్రత్తలన్నీ ఆధారపడతాయి. మొదటి రెండు రోజులు వెంట్రుకను లాగితే చాలు, కుదురుతో సహా వచ్చేస్తుంది. ఆరో రోజుకు వెంట్రుకను లాగినా కుదురు కదలదు. కానీ పక్కు అతుక్కుని ఉండి, ఆ పక్కును లాగితే ఐదో రోజు దాకా కుదురు కూడా ఊడివస్తుంది. ఆ తర్వాత ముప్పు రోజురోజుకూ తగ్గుతూ, తొమ్మిదో రోజుకు పోతుంది. అంటే పక్కు ఎంత పలచగా ఉంటే కుదురు అంత భద్రం. గంటకోసారి సెలైన్ చల్లమనేది ఇందుకే. పేషెంట్లు దాన్ని చల్లదనం కోసమనుకుని, రెండో రోజు మంట లేకపోగానే మానేస్తారు. ఈయన మెలకువగా ఉన్నంతసేపూ మూడు రోజులు చల్లారు.

మే నెల దగ్గర పడుతోంది, పగలు నలభై డిగ్రీలు దాటుతోంది. తిరుపతిలో వేసవిలో ఈ ఆపరేషన్ చేయించుకుంటే అన్నిటికంటే ఎక్కువ చిక్కు చెమటతో. చెమటకు పక్కు మెత్తబడి దురద పెడుతుంది, నిద్రలో చెయ్యి దానంతటదే తల మీదికి పోతుంది. ఏసీ గది ఉంటే సరి. కూలరైతే గాలి నేరుగా తల మీదికి కొట్టకుండా పక్కకు తిప్పాలి, తడిగాలి మంచిదే కానీ దుమ్ము మంచిది కాదు. రాత్రిళ్లు చేతులకు మెత్తటి నూలు మేజోళ్లు తొడుక్కోమన్నాం.

మొదటి ఐదు రాత్రులు తల 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. మూడు దిండ్లు పేర్చుకుంటే అర్ధరాత్రికి జారిపోతాయి. ఇంట్లో ఉన్న వాలుకుర్చీ, మెడ చుట్టూ బస్సు ప్రయాణాల్లో పెట్టుకునే దిండు, ఈ రెండూ బాగా పనిచేశాయి. వాపు మూడో రోజు నుదుటికి దిగింది, నాలుగో రోజు కనురెప్పల మీదికి వచ్చింది. ఆ ఉదయం వాళ్ల అమ్మగారు ఫోన్ చేశారు: "కండ్లు పూడిపోయినాయి సార్, చూపుకేమన్నా అయిపోతాదా?" ఏమీ కాదు. తలలోకి ఎక్కించిన ద్రవం బరువుకు కిందికి దిగుతూ వస్తుంది. నుదురు, తర్వాత రెప్పలు, తర్వాత ముక్కు మొదలు. ఐదారు రోజులకు దానంతటదే ఇంకిపోతుంది. కనుబొమ్మల పైన గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, నుదుటి మధ్య నుంచి కణతల వైపు వేళ్లతో నెమ్మదిగా రాయమన్నాం. ఐసు నాటిన చోట మాత్రం తగలకూడదు. ఈ వాపుకు నొప్పి ఉండదు. నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారినా, నాటిన చోట చర్మం పెద్ద మచ్చలా నల్లగా కమిలినా అది వేరే సంగతి. అదే రోజు రావాలి. ఆ చివరి లక్షణం అరుదు, రక్తప్రసరణ చాలక చర్మం దెబ్బతినడం వల్ల వస్తుంది. సిగరెట్ తాగేవాళ్లలో, సుగర్ అదుపులో లేనివాళ్లలో, మరీ ఒత్తుగా నాటినచోట చూస్తాం.

మూడో రోజు నుంచి తల కడగడం మొదలు. ఇక్కడ చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. షాంపూ సరిగా నురగ రాదు, తెల్లటి పొర మిగిలి పక్కులకు అంటుకుంటుంది. కాబట్టి మొదటి పది రోజులు కాచి చల్లార్చిన నీళ్లో ఫిల్టరు నీళ్లో వాడాలి. రెండు వందల మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా బేబీ షాంపూ కలిపి నురగ తీసి, ఆ నురగను మాత్రమే అరచేత్తో తల మీద పెట్టాలి. ఐదు నిమిషాలు ఆగి, చిన్న చెంబుతో దగ్గరి నుంచి ధార పోయాలి. షవరు వద్దు, బకెట్లోంచి ముంచి కుమ్మరించడం వద్దు. తుడవకూడదు, మెత్తటి గుడ్డతో అద్దాలి, అదీ వెనక తలనే. ముందు భాగం గాలికి ఆరాలి. వేసుకునేవి గుండీలున్న చొక్కాలే, తల మీంచి తొడిగే టీషర్టులు పది రోజులు వద్దు.

గంధం

ఐదో రోజు సాయంత్రం జరిగిన విషయాన్ని కాస్త వివరంగా చెప్పాలి. మామూలుగా ఇచ్చే జాగ్రత్తల కాగితాల్లో ఇది ఉండదు, మేం ఇచ్చిన కాగితంలోనూ లేదు.

చిత్తూరు వైపు నుంచి బంధువులు కొండకు వెళ్లి, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించి, వీళ్లింట్లో దిగారు. పిల్లల గుండ్లకు గంధం పూశారు. వచ్చినవాళ్లలో పెద్దావిడ ఈయన తల కూడా నున్నగా, ఎర్రగా ఉండటం చూసి, "ఎండకు తల మంటెత్తుతాదిలే నాయనా, సల్లగుంటాది" అంటూ గిన్నెలో మిగిలిన గంధాన్ని కుడి కణత పైన ప్రేమగా రాసేశారు. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. గుండు మీద గంధం పూయడం ఇక్కడ అందరూ చేసేదే. ఈ తలకు అది పనికిరాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది మేం.

ఎండిన గంధం పక్కులన్నిటినీ కలిపి ఒకే పెంకులా బిగించింది. గంట తర్వాత ఆయన తడి తువ్వాలుతో తుడిచారు. పెంకు ముక్కగా లేచింది, దాంతోపాటు కొన్ని కుదుళ్లూ వచ్చాయి. చుక్కలుగా రక్తం కనబడగానే ఫోన్ చేశారు. తుడవడం ఆపమని, సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో రక్తం వచ్చే చోట ఐదు నిమిషాలు కదలకుండా అదిమి ఉంచమని, క్లినిక్‌కు రమ్మని చెప్పాం. మిగిలిన గంధాన్ని సెలైన్ చల్లుతూ నలభై నిమిషాలు నాననిస్తే దానంతటదే జారిపోయింది. ఊడిన చోట్లు పదకొండు. ఊడిన గ్రాఫ్టులను మళ్లీ నాటలేం, గాలికి ఆరితే నిమిషాల్లోనే చచ్చిపోతాయి. అరగదీసిన గంధం, కుళాయి నీళ్లు పచ్చి గాయానికి తగిలాయి కాబట్టి మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూత ఐదు రోజులు వాడించాం. ఇన్‌ఫెక్షన్ రాలేదు. 1,850లో పదకొండు పోవడం కంటికి తెలిసే నష్టం కాదు, పన్నెండో నెల ఫొటోల్లో ఆ చోటు వెతికినా దొరకలేదు.

ఊడింది కుదురో కాదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? కుదురు ఊడితే ఆ చోట తాజా రక్తం వస్తుంది, చేతిలోకి వచ్చినది చిన్న మాంసపు గింజలా తడిగా ఉంటుంది. ఎనిమిదో రోజు తర్వాత పక్కుతో పాటు పొట్టి వెంట్రుక, దాని చివర తెల్లటి పొడి గుబ్బ వచ్చి, రక్తం రాకపోతే అది కుదురు కాదు. వెంట్రుక కాడ మాత్రమే, ఎలాగూ రాలాల్సినదే. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం ఫోన్లు అక్కర్లేదు.

ఆ రోజు నుంచి మా కాగితంలో ఒక వాక్యం చేర్చాం, పేషెంటుతో పాటు ఇంట్లో ఒక పెద్దావిడను కూర్చోబెట్టి చదివి వినిపిస్తున్నాం: పది రోజుల దాకా తల మీద గంధం, పసుపు, విభూతి, కొబ్బరినూనె, ఆముదం ఏదీ పెట్టకూడదు, ఆశీర్వదించేవాళ్లు తల మీద చెయ్యి వేయకూడదు, అక్షింతలు తల మీద చల్లకూడదు.

ఎనిమిదో రోజున పక్కులు తీయడం మొదలుపెట్టాం. నురగ పెట్టి పదిహేను నిమిషాలు నాననిచ్చి, వేళ్ల మెత్తటి కొసలతో చిన్న గుండ్రాలుగా రుద్దాలి, గోరు తగలకూడదు. ఒక్కరోజులో అన్నీ పోవాలని పట్టుబట్టకూడదు. ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లో మూడు విడతలుగా పోయాయి. భయంతో పక్కులను రెండు వారాలు దాటనిస్తే వాటి కింద చెమట, నూనె చేరి చీముపొక్కులు లేస్తాయి, చర్మం నల్లబడుతుంది. మొదటి ఐదు రోజులు తొందరపడటం ఎంత తప్పో, పదో రోజు తర్వాత వెనకాడటం అంతే తప్పు.

మూడో వారం, ఆరో వారం

పద్నాలుగో రోజుకు వెనక తల చుక్కలు మానాయి. ముందు చర్మం మన రంగులో ఎర్రగా కాక లేత గోధుమ మచ్చలా కనబడింది. నాటిన జుట్టు నాలుగైదు మి.మీ. మొలకగా నిలిచింది. చూసినవాళ్లెవరైనా కొండకు వెళ్లొచ్చిన గుండు రెండు వారాలు పెరిగిందనుకుంటారు. వేరే ఊళ్లలో ఈ దశ కోసం టోపీలు, సాకులు వెతుక్కోవాలి. ప్రతి రెండో వీధిలో గుండు కనబడే తిరుపతిలో ఆ అవసరం లేదు. పేషెంటు చాలా సంతోషించారు. ఇప్పుడే కాలేజీ తెరిచినా ఫర్వాలేదన్నారు.

పంతొమ్మిదో రోజున దిండు మీద వెంట్రుకలు కనబడ్డాయి. నాలుగు, ఐదు వారాల్లో నాటినదాంట్లో పదింట ఎనిమిది వంతులు రాలాయి. ఒక చోటు నుంచి పెకలించి ఇంకో చోట నాటిన దెబ్బకు కుదురు విశ్రాంతి దశలోకి పోతుంది, పైనున్న కాడను వదిలేస్తుంది. కుదురు చర్మం కింద భద్రంగానే ఉంటుంది. ఇది ముందే చెప్పాం, రాసిచ్చాం, ఆయన సంతకం చేశారు. అయినా రాలుతుంటే చూడటం వేరు. మేం ముందుగా చెప్పనిది ఇంకొకటి జరిగింది. కుడి చెవి వెనక, కుదుళ్లు తీసిన భాగంలో, మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పున సొంత జుట్టు కూడా చిమ్మట కొట్టినట్టు పలచబడింది. చుట్టూ తీసినప్పటి వాపుకు, రక్తప్రసరణ తగ్గడానికి పక్కనున్న కుదుళ్లూ తాత్కాలికంగా విశ్రాంతిలోకి పోతాయి. మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. దీన్ని ఎక్కువ తీసేశారనడానికి రుజువుగా పొరబడేవాళ్లున్నారు. నిజంగానే ఎక్కువ తీస్తే ఆ పలచదనం తిరిగి పూడదు. తేడా తెలియాలంటే నాలుగో నెల దాకా ఆగాల్సిందే.

మినాక్సిడిల్ మూడో వారం నుంచి వెనక తలకూ నడినెత్తికీ, ఐదో వారం నుంచి ముందుకూ మొదలుపెట్టాం. బండి రెండు వారాల తర్వాత తీశారు. హెల్మెట్ ఒక సైజు పెద్దది తీసుకుని, ముందు నుంచి వెనక్కి జరిపి కాకుండా రెండు చేతులతో పట్టీలు విడదీసి నిటారుగా దించి పెట్టుకోమన్నాం. మెట్లదారిలో కొండెక్కడం నెల దాకా వద్దన్నాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, చెమట, ఎండ, పెరిగే రక్తపోటు మానుతున్న చర్మానికి మంచివి కావు. పుష్కరిణిలో మునకకూ అదే గడువు.

కాలేజీ తెరిచేనాటికి ఆరో వారం. ఆపరేషన్‌కు ముందు కన్నా ముందు భాగం ఖాళీగా ఉంది, చెవి వెనక మచ్చ ఉంది. ఇక్కడ పనికొచ్చింది మందు కాదు, ట్రిమ్మరు. జుట్టు పొడవు పెరిగేకొద్దీ ఖాళీ చోటుకూ నిండు చోటుకూ తేడా ఎక్కువగా కనబడుతుంది. అందుకని తలంతా ఒకటో నంబరు గార్డుతో, అంటే మూడు మి.మీ.కు, పది రోజులకోసారి కత్తిరించమన్నాం. నాటిన చోట గార్డు చర్మాన్ని నొక్కకుండా తేలిగ్గా పోవాలి. ఇలా నాలుగో నెల దాకా కొనసాగించారు. జుట్టు పొడి, అంటే పలచదనం కప్పే కెరటిన్ చూర్ణం, ఈ దశలో మేం వద్దంటాం. అది పట్టుకోవడానికి చుట్టూ జుట్టు ఉండాలి. ఖాళీ చర్మం మీద చల్లితే చెమటకు కారి రంధ్రాలు మూసుకుంటాయి.

క్లాసులో పిల్లలు అడిగింది ఒక్కటే మాట: "కొండకు పొయ్యొచ్చినారా సార్?"

పొక్కులు

పదకొండో వారంలో నాటిన చోట పద్నాలుగు పొక్కులు లేచాయి, రెండింట్లో చీము. కొత్త మొలక చర్మాన్ని చీల్చుకుని రాలేక లోపలే మెలిక తిరిగితే చుట్టూ వాపు వస్తుంది. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఇవి రావడం మామూలు, ఒక రకంగా జుట్టు బయలుదేరిందనడానికి గుర్తు కూడా. ఈయన విషయంలో ఇంకో కారణం తోడైంది. నెల దాటాక వాళ్ల అమ్మగారు రోజూ తలకు నూనె పెట్టి మర్దన చేస్తున్నారు, జుట్టు తొందరగా వస్తుందని. నూనె ఆపించాం. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ 1 శాతం లోషన్ రెండు పూటలా. పైకి కనబడుతూ ఇరుక్కున్న రెండు మొలకలను శుభ్రమైన సూదితో చర్మం పైపొర మాత్రం లేపి బయటికి తీశాం. గిల్లితే లోపల చీము కుదురు వైపు నెట్టుకుపోతుంది, మచ్చ పడుతుంది. పన్నెండు రోజుల్లో తగ్గాయి. పొక్కులు ఒకదానికొకటి కలిసి గడ్డలా మారినా, మెడ బిళ్లలు కట్టినా మాత్రలు అవసరమవుతాయి.

నెత్తి మీద మొద్దుబారినతనం మూడో నెల చివరికి పోయింది. పోయేముందు కొన్నాళ్లు చీమలు పాకినట్టు ఉంటుంది. నరాల కొసలు కోలుకుంటున్నాయన్నమాట.

మొలక

మూడున్నర నెలలకు మొదటి వెంట్రుకలు కనబడ్డాయి. సన్నగా, వంకర్లు తిరిగి, రంగు కాస్త తక్కువగా, ఎండుగడ్డిలా ఉన్నాయి. ఇదేం జుట్టని నిరాశపడేవాళ్లుంటారు. ఏడాది గడిచేలోపు చాలామటుకు సాఫీ అవుతుంది. అన్ని కుదుళ్లూ ఒకేసారి మేల్కోవు, ఎడమ మూల నిండుగా ఉంటే కుడి మూల నెలరోజులు వెనకబడుతుంది. ఇదీ మామూలే. చెవి వెనక పలచబడిన చోటు నాలుగో నెల చివరికి పూడింది.

ఒకే చోట, ఒకే వెలుతురులో కొలిచాం. ముందు వరసల వెనక పచ్చబొట్టు చుక్కతో గుర్తు పెట్టిన చదరపు సెంటీమీటరులో ఐదో నెలకు 22 వెంట్రుకలు, తొమ్మిదో నెలకు 61, పన్నెండో నెలకు 74. నాటిన లెక్క ప్రకారం సగటున ఎనభై దాకా రావాలి. ఐదో నెల అంకె చూసి ఫలితం తేల్చేసి ఉంటే ఫెయిలని రాసేవాళ్లం. ఆరో నెలకు ముందు ఎవరూ, పేషెంటు గానీ డాక్టరు గానీ, బాగుందనో బాలేదనో తేల్చకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ఎనిమిదో నెల సంక్రాంతి ముందు వచ్చింది. దువ్వి పక్కకు తీయడానికి సరిపడా పొడవు వచ్చింది. మంగలి కత్తెరతో చివర్లు సరిచేశాడు. కణతల దగ్గర రేజరు వాడొద్దన్నాం.

మొక్కు

వాళ్ల అమ్మగారు మూడో నెలలోనే అడిగారు, తలనీలాలు ఎప్పుడు ఇవ్వచ్చని. రేజరు కోసేది చర్మం పైనున్న కాడను మాత్రమే. కుదురు నాలుగైదు మి.మీ. లోపల ఉంటుంది, దానికి కత్తి తగలదు. ఒకసారి నాటుకున్న జుట్టు గుండు చేయించినా తిరిగి అలాగే వస్తుంది. అయినా ఆరు నెలలలోపు వద్దన్నాం. కొత్త చర్మం మీద చిన్న పొక్కులు, ఎత్తుపల్లాలు ఉంటాయి, కళ్యాణకట్టలో వేగంగా నడిచే కత్తికి అవి తెగుతాయి. ఏడాది ఆగితే మరీ మంచిది, అప్పటికి ఫలితం కొలవడం పూర్తవుతుంది. ఇంట్లో ఎవరైనా పోయి కర్మ రోజున గుండు తప్పనిసరి అయితే అది వేరు. నెల దాటినవాళ్లు ముందు భాగానికి రేజరు బదులు గార్డు లేని ట్రిమ్మరు చర్మానికి ఆనకుండా తిప్పించుకోవచ్చు. పురోహితులు అభ్యంతరం చెప్పడం మేం చూడలేదు.

పదమూడో నెలలో, మళ్లీ వేసవి సెలవుల్లో, మొక్కు తీర్చుకున్నారు. మూడో రోజు పరీక్షకు రమ్మన్నాం. నాటిన జుట్టు బాగుందా లేదా చెప్పడానికి గుండును మించిన పరీక్ష లేదు, దాచుకోవడానికి ఏమీ మిగలదు. నుదుటి వైపు వేలితో నిమిరితే నునుపుగా ఉంది. గ్రాఫ్టులు పైకి నాటితే గులకరాళ్లలా, లోతుగా నాటితే గుంటల్లా తగులుతాయి, ఆ రెండూ లేవు. మొలక నల్లగా, ముందుకు వాలి, పాత జుట్టుతో ఒకే దిశలో ఉంది. వెనక తలలో తెల్ల చుక్కలు ఉన్నాయి. కిటికీ వెలుతురులో అడుగు దూరం నుంచి చూస్తే తెలుస్తాయి, నాలుగడుగుల అవతలికి తెలియవు. ఇది ఆపరేషన్ ముందే ఆయనకు ఫొటోలతో చూపించాం కాబట్టి కొత్తగా అనిపించలేదు.

నడినెత్తి మీద మాత్రం గుండులో నిజం బయటపడింది. సుడి చుట్టూ మొలక సన్నగా ఉంది, ఏడాదిలో పెరగలేదు, తగ్గనూ లేదు. ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ అలాగే కొనసాగుతున్నాయి. పద్దెనిమిదో నెలలో అదే చోట మళ్లీ కొలుస్తాం. కుడి కణత పైన, ఆ పదకొండు కుదుళ్లు పోయిన చోట, ఆరిన గంధం ఇంకా కాస్త అంటుకుని ఉంది.